తెల్లని పొడి – ఎక్స్-కిరణాల సాక్ష్యం

హైదరాబాదు నుంచి నాగార్జునసాగరం పోయే రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వెళితే రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం వస్తుంది. గోలకొండను 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు ఆ ఊరికి నిలిచిపోయినది. అక్కడి పెద్ద చెరువు పేరెన్నిక గన్నది. ఊరి చుట్టూ గ్రానైటు గుట్టలు, గుట్టల నడుమ చలక నేలలు, కూరగాయల తోటలు, అక్కడక్కడ తాటిచెట్లు. గుట్టలను పగులగొట్టి కంకర తీసే క్వారీలు ఒక వైపు, డ్రిప్పు గొట్టాలతో టమాట పండించే రైతులు మరొక వైపు. 2008లో ముంబాయి మీద జరిగిన దాడుల తరువాత జాతీయ భద్రతా దళం కొన్ని పెద్ద నగరాలకు ప్రాంతీయ కేంద్రాలను ఏర్పరచినది. వాటిలో హైదరాబాదు కేంద్రం ఈ ఇబ్రహీంపట్నం ప్రాంతంలోనే ఉన్నది.

ఇట్టి చోట ఒక సంచిలో తెల్లని పొడి కనిపించడం వింత కాదు. రైతు కొట్టంలో యూరియా ఉంటుంది. నీళ్ళలో కరిగించి మొక్కలకు పారించే పొటాషియం నైట్రేటు, కాల్షియం నైట్రేటు ఉంటాయి. క్వారీలో రాయిని పేల్చడానికి వాడే మందులో అమ్మోనియం నైట్రేటు ముఖ్యమైన భాగం. ఇంట్లో ఉప్పు, పటిక, సున్నం, ముగ్గుపిండి సరేసరి. కల్లును కల్తీచేసేవారి దగ్గర మత్తు పొడి దొరకవచ్చును. అన్నీ తెల్లనివే. వేళ్ళ మధ్య నలిపితే దాదాపు అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

పోలీసులు అట్టి సంచి ఒకటి పట్టుకొన్నారనుకొందాం. అందులో ఉన్నది ఎరువా, పేలుడు మందా? ఎరువు అయితే దాని యజమాని ఆ పూటే ఇంటికి పోవాలి. పేలుడు మందు అయితే, అది ఎక్కడినుంచి వచ్చినదో, ఎక్కడికి పోతున్నదో వెంటనే తెలియాలి. ఈ ప్రశ్న ఎంత బరువైనదో హైదరాబాదు నగరానికి తెలుసును. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోను, కోఠీలోని గోకుల్ చాట్ వద్దను పేలుళ్ళు జరిగినవి. 2013 ఫిబ్రవరి 21న, ఇబ్రహీంపట్నం నుంచి నగరంలోకి వచ్చే దారిలోనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్ళీ బాంబులు పేలినవి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష విధించగా, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఆ తీర్పును ధ్రువపరచినది. మనిషి ప్రాణం తీసేంత తీర్పులు వెలువడే చోట “ఇది ఫలానా పదార్థంలాగా ఉన్నది” అనే మాట చాలదు. “ఇది ఇదే” అని చెప్పగల పరీక్ష కావాలి. అట్టి పరీక్షలలో ఎక్స్-కిరణ స్ఫటిక విజ్ఞానం ఒకటి.

రసాయన పరీక్ష చెప్పేది

ప్రయోగశాలకు వచ్చిన పొడిని రసాయనిక శాస్త్రజ్ఞుడు మొదట పాత పద్ధతులతోనే పలకరిస్తాడు. చిటికెడు పొడికి సోడియం హైడ్రాక్సైడు ద్రావణం చేర్చి వేడిచేస్తే ముక్కు పగిలే అమ్మోనియా వాసన వచ్చినదా? వస్తే అమ్మోనియం ఉన్నట్లు. ఇంకొక చిటికెడు నీటిలో కరిగించి, అన్నభేది కలిపి, పరీక్షనాళిక గోడ వెంట గాఢ గంధకికామ్లాన్ని మెల్లగా జారవిడిస్తే రెండు ద్రవాలు కలిసే చోట గోధుమరంగు వలయం ఏర్పడినదా? ఏర్పడితే నైట్రేటు ఉన్నట్లు. కళాశాల విద్యార్థులకు సైతం పరిచయమైన పరీక్షలివి. ఇప్పుడు వీటికి తోడు, ద్రావణంలోని అయానులను ఒక్కొక్కదానినే విడదీసి కొలిచే అయాన్ క్రోమటోగ్రఫీ వంటి సున్నితమైన యంత్రపద్ధతులు వచ్చినవి.

ఈ పరీక్షలు నమ్మదగినవే. యూరియాను, అమ్మోనియం నైట్రేటును ఇవి ఇట్టే వేరుచేస్తాయి. కాని వీటిలో ఒక చిక్కు ఉన్నది. వీటిలో చాలాభాగం పదార్థాన్ని నీటిలో కరిగించిన తరువాతనే జరుగుతాయి.

ఒక చిన్న ఉదాహరణ చూస్తే ఆ చిక్కు అర్థమవుతుంది. ఒక గిన్నెలో ఉప్పును, పెట్లుప్పును కలపండి. అనగా సోడియం క్లోరైడు, పొటాషియం నైట్రేటు. రెండవ గిన్నెలో పొటాషియం క్లోరైడును, సోడియం నైట్రేటును తగుపాళ్ళలో కలపండి. రెండు గిన్నెలలోను నీళ్ళు పోయండి. ఇప్పుడు రెండింటిలోను ఉన్నవి అవే నాలుగు అయానులు: సోడియం, పొటాషియం, క్లోరైడు, నైట్రేటు. మొదట ఏది దేనితో జతగూడి ఉన్నదో చెప్పడం ఏ రసాయన శాస్త్రజ్ఞునికీ సాధ్యం కాదు. పెళ్ళిపందిరిలో నాలుగు కుటుంబాల వారు కలగలిసి కూర్చున్న తరువాత ఎవరు ఏ ఇంటినుంచి వచ్చారో చూపుతో చెప్పలేనట్లే.

ఎరువుల దుకాణంలో నేల ఊడ్చిన దుమ్ము విషయం ఇట్టిదే. అందులో ఒక బస్తా నుంచి రాలిన అమ్మోనియం సల్ఫేటు, ఇంకొక బస్తా నుంచి రాలిన పొటాషియం నైట్రేటు ఉండవచ్చును. కరిగించి చూస్తే అమ్మోనియం ఉన్నదని ఒక పరీక్ష, నైట్రేటు ఉన్నదని ఇంకొక పరీక్ష చెబుతాయి. రెండూ నిజాలే. ఆ రెండు నిజాలను కలిపి “అమ్మోనియం నైట్రేటు దొరికినది” అని వ్రాస్తే అబద్ధమవుతుంది. ఆ అబద్ధం వెనుక ఒక దుకాణదారు జైలుకు పోవచ్చును.

కాబట్టి పొడిని కరిగించకముందే, అది ఉన్నది ఉన్నట్లుగా ఉండగానే, దానిని ప్రశ్నించాలి.

స్ఫటికం అంటే ఏమిటి?

ఉప్పుకల్లును చితక్కొట్టి భూతద్దం క్రింద చూస్తే పెంకులు సైతం చతురస్రపు అంచులతో కనిపిస్తాయి. కారణం దాని లోపలి అమరిక. సోడియం, క్లోరిన్ అయానులు చదరంగపు గళ్ళలాగా ఒకటి విడిచి ఒకటిగా, పొడవునా, వెడల్పునా, ఎత్తునా క్రమం తప్పకుండా నిలిచి ఉంటాయి. ప్రతి అయానుకు చుట్టూ ఆరు వేరు రకపు అయానులు పొరుగువారు. ఈ విధంగా కణాలు క్రమం తప్పక అమరిన ఘనపదార్థమే స్ఫటికం. కంటికి మెరిసే కల్లుగా కనిపించనక్కరలేదు. మెత్తని పిండిలో సైతం ఒక్కొక్క రేణువు ఒక చిన్న స్ఫటికం కావచ్చును.

పొరకు పొరకు మధ్య దూరం చాల తక్కువ. దానిని ఆంగ్‌స్ట్రాములలో కొలుస్తారు. ఒక సెంటిమీటరులో 10 కోట్ల ఆంగ్‌స్ట్రాములు. మామూలు వెలుగు తరంగాలు అంతకు వేల రెట్లు పెద్దవి కాబట్టి వాటికి ఆ పొరలు కనిపించవు. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్-కిరణాల తరంగదైర్ఘ్యం మాత్రం సరిగా ఆ కొలతలోనే ఉంటుంది. 1912లో జర్మనీలో లావే సూచన మీద ఫ్రీడ్రిక్, క్నిపింగ్ అనే ఇద్దరు ఒక స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలను పంపగా, వెనుక ఉంచిన ఫోటో పలక మీద క్రమమైన చుక్కల ముగ్గు పడినది. మరుసటి సంవత్సరం ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు ఆ ముగ్గును చదివే సూత్రాన్ని చెప్పి, ఉప్పు నిర్మాణాన్ని వెల్లడించారు. అందుకు 1915లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చినది.

బ్రాగ్ సూత్రం చాల తేలికైనది. స్ఫటికపు పొరల మీద ఎక్స్-కిరణాలు ఒక కోణంలో పడినప్పుడు ఒక్కొక్క పొర నుంచి కొంత కొంత కిరణం తిరిగివస్తుంది. ఒక పొర నుంచి వచ్చిన తరంగపు శిఖరం, క్రింది పొర నుంచి వచ్చిన తరంగపు శిఖరంతో సరిగా కలిసే కోణంలో మాత్రమే బలమైన కిరణం బయటికి వస్తుంది. మిగిలిన కోణాలలో ఒకదాన్నొకటి చంపుకొంటాయి. ఆ కోణం తెలిస్తే, పొరల మధ్య దూరాన్ని లెక్క కట్టవచ్చును: దూరాన్ని రెట్టింపు చేసి ఆ కోణపు సైనుతో గుణిస్తే తరంగదైర్ఘ్యం, లేదా దాని పూర్ణాంకపు గుణిజం, రావాలి.

స్ఫటికాల అధ్యయనంలో తెలుగువారికి చెప్పుకోదగిన చోటు ఉన్నది. సర్ సి. వి. రామన్ శిష్యుడు, 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్న సూరి భగవంతం స్ఫటికాల సౌష్ఠవాన్ని గణితంతో ముడిపెట్టి చేసిన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధి పొందినది. తరువాతి తరంలో గౌతమ్ దేశిరాజు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, కావలసిన విధంగా స్ఫటికాలను కూర్చే విద్యపై 1989లో ప్రచురించిన గ్రంథం ఆ రంగానికి పునాదిరాళ్ళలో ఒకటి. ఆ విశ్వవిద్యాలయం ఉన్న గచ్చిబౌలి కూడా రంగారెడ్డి జిల్లాలోనిదే.

పొడికి వేలిముద్ర

చక్కని పెద్ద స్ఫటికం నేరస్థలంలో దొరకదు. దొరికేది పొడి. దానికి తగిన పద్ధతిని 1916లో డిబై, షెరర్ అనే వారు కనిపెట్టారు. ఆ వెంటనే అమెరికాలో హల్ వారితో సంబంధం లేకుండానే అదే పద్ధతిని చేరుకొన్నాడు. పొడిలో లక్షలాది రేణువులు అన్ని దిక్కులకు తిరిగి ఉంటాయి. అందుచేత ఏ కోణానికి కావలసిన రేణువులు ఆ కోణంలో సిద్ధంగా దొరుకుతాయి. పొడిని పలుచగా పరచి, ఎక్స్-కిరణాలు ప్రసరించి, గ్రాహకాన్ని చుట్టూ మెల్లగా త్రిప్పితే, కొన్ని కోణాల వద్ద కిరణం ఒక్కసారిగా బలపడుతుంది. కాగితం మీద గీస్తే వరుసగా గుట్టలు గుట్టలుగా శిఖరాలు కనిపిస్తాయి. ఏ శిఖరం ఎక్కడ ఉన్నది, ఎంత ఎత్తు ఉన్నది అనేది ఆ పదార్థానికే ప్రత్యేకం. మనిషికి వేలిముద్ర ఎట్టిదో స్ఫటికానికి ఈ శిఖరమాల అట్టిది.

చలక నేలలో చేతికి తగిలే పలుగురాయిని తీసుకొందాం. దానిలో అన్నిటికంటె బలమైన శిఖరాన్ని ఇచ్చే పొరల మధ్య దూరం 3.34 ఆంగ్‌స్ట్రాములు. ప్రయోగశాలలలో మామూలుగా వాడే రాగి ఎక్స్-కిరణాల తరంగదైర్ఘ్యం 1.54 ఆంగ్‌స్ట్రాములు. లెక్క కడితే ఆ శిఖరం 26.6 డిగ్రీల వద్ద రావాలి. ఇబ్రహీంపట్నం గుట్ట మీది పలుగురాయి అయినా, మరొక ఖండంలోని పలుగురాయి అయినా అక్కడే వస్తుంది.

వేలిముద్ర పనికిరావాలంటే ముందుగా ముద్రల చిట్టా కావాలి. 1938లో అమెరికాలోని డౌ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు హానవాల్ట్, రిన్, ఫ్రెవెల్ 1,000 పదార్థాల శిఖరమాలలను ప్రకటించి, బలమైన మూడు శిఖరాల సాయంతో తెలియని పదార్థం పేరు వెదికే ఉపాయం చెప్పారు. నిఘంటువులో మొదటి అక్షరాలతో మాటను వెదికినట్లే ఇది. ఆ చిట్టాలో ఇప్పుడు లక్షలాది పదార్థాలు ఉన్నవి. వెదికే పని కంప్యూటరు చేస్తుంది.

ఎరువుల దుకాణపు దుమ్మును ఇప్పుడు ఈ యంత్రంలో పెట్టి చూడండి. ఎక్స్-కిరణాలకు అయానుల పేర్లతో పని లేదు. అవి అమరికను చూస్తాయి. అందులో అమ్మోనియం సల్ఫేటు స్ఫటికాలు ఉంటే వాటి శిఖరాలు, పొటాషియం నైట్రేటు స్ఫటికాలు ఉంటే వాటి శిఖరాలు విడివిడిగా కనిపిస్తాయి. అమ్మోనియం నైట్రేటు స్ఫటికాల శిఖరాలు కనిపించవు. ఏది దేనితో జతగూడి ఉన్నదో పొడి తానే చెప్పుకొంటుంది. పైగా పరీక్షవలన పొడి కరగదు, మాడదు. అదే పొడిని తిరిగి సీసాలో పోసి, ముద్రవేసి, ముద్దాయి తరఫువారు కోరితే మళ్ళీ పరీక్షకు పంపవచ్చును. న్యాయం దృష్టిలో ఇది చిన్న సుగుణం కాదు.

అమ్మోనియం నైట్రేటు కథ

2011 జూలైలో కేంద్ర ప్రభుత్వం, బరువులో నూటికి 45 వంతులకు మించి అమ్మోనియం నైట్రేటు ఉన్న మిశ్రమాలను 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం క్రిందికి తెచ్చినది. 2012లో అమ్మోనియం నైట్రేటు నియమావళి అమలులోకి వచ్చినది. అమ్మోనియం నైట్రేటును వేరుచేయడానికి వీలులేని ఎరువులకు అందులో మినహాయింపు ఉన్నది. అందుచేత ప్రయోగశాల “ఉన్నది”, “లేదు” అని చెబితే చాలదు. ఎంత ఉన్నదో, ఏ రూపంలో ఉన్నదో చెప్పాలి.

డ్రిప్పు ద్వారా పారించే కాల్షియం నైట్రేటు ఎరువు ఇందుకు మంచి నిదర్శనం. బస్తా మీద నత్రజని 15.5 శాతం అని వ్రాసి ఉండే ఈ ఎరువు ఒక జంట లవణం. దాని స్ఫటికంలో అయిదు పాళ్ళు కాల్షియం నైట్రేటు, ఒక పాలు అమ్మోనియం నైట్రేటు, పది పాళ్ళు నీరు కలిసి ఒకే కట్టడంగా ఉంటాయి. కరిగించి చూస్తే అమ్మోనియం పరీక్ష ఫలిస్తుంది, నైట్రేటు పరీక్ష ఫలిస్తుంది. తొందరపడినవాడు దానిని అనుమానపు సరుకు అంటాడు. కాని బరువు లెక్క చూస్తే అమ్మోనియం నైట్రేటు వాటా నూటికి 7.4 వంతులు మాత్రమే. పైగా అది విడి స్ఫటికంగా లేనే లేదు. ఎక్స్-కిరణాల ముందు పెడితే జంట లవణపు శిఖరాలే వస్తాయి. టమాట రైతు నిర్దోషిత్వం ఆ శిఖరాలలోనే ఉన్నది.

అమ్మోనియం నైట్రేటు స్ఫటికానికి ఇంకొక విచిత్ర స్వభావం ఉన్నది. వేడిని బట్టి అది తన అమరికను మార్చుకొంటుంది. మామూలు వాయుపీడనం వద్ద దానికి అయిదు రూపాలు గలవు. చలికాలపు గదిలో ఉండే రూపం 32 సెంటిగ్రేడు డిగ్రీలు దాటగానే ఇంకొక రూపంలోకి మారుతుంది; అప్పుడు దాని ఘనపరిమాణం నూటికి మూడున్నర వంతులకు పైగా పెరుగుతుంది. 84 డిగ్రీల వద్ద, 125 డిగ్రీల వద్ద మళ్ళీ మార్పులు జరుగుతాయి. తెలంగాణ వేసవిలో పగలు 40 డిగ్రీలు దాటడం, తెల్లవారుజామున చల్లబడడం మామూలే. రేకుల కొట్టంలో పడి ఉన్న బస్తా ప్రతిదినం ఈ 32 డిగ్రీల గీతను రెండుసార్లు దాటవచ్చును. ఆ ఉబ్బడం, ముడుచుకోవడంలో గుండ్లు చిట్లి పొడి అవుతాయి. గాలిలోని తేమ పట్టి గడ్డకట్టుతాయి. శిఖరమాల సైతం మారుతుంది. అందుచేత నిపుణుడు పరీక్ష జరిగినప్పుడు గది వేడి ఎంతో తప్పక వ్రాసుకొంటాడు. ఒక రూపపు ముద్రలు మాత్రమే తెలిసినవాడు రెండవ రూపాన్ని చూచి “ఇది అది కాదు” అనే ప్రమాదం ఉన్నది.

పేలుడు జరిగిపోయిన తరువాత పని ఇంకా కష్టం. మందులో ఎక్కువ భాగం వాయువులుగా మారి పోతుంది. మిగిలేవి రాతిముక్కలకు, రేకులకు, గుడ్డలకు అంటుకొన్న లేశాలు. అక్కడ అంత తక్కువ పరిమాణాలను పట్టగల క్రోమటోగ్రఫీ ముందు నడుస్తుంది. పేలకుండా మిగిలిన మందు గాని, అనుమానితుని గదిలో నిలువచేసిన పొడి గాని దొరికినప్పుడు ఎక్స్-కిరణాల వంతు వస్తుంది. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పినప్పుడే సాక్ష్యానికి బలం.

ఒకే పదార్థం, రెండు వేషాలు

వజ్రమూ, పెన్సిలు గ్రాఫైటూ రెండూ కర్బనమే అని అందరూ వినే ఉంటారు. నేర పరిశోధనలో అటువంటి జంట ఒకటి తరచు ఎదురవుతుంది. తెల్ల రంగులలో వాడే టైటేనియం డయాక్సైడు రూటైల్, అనటేస్ అనే రెండు స్ఫటిక రూపాలలో దొరుకుతుంది. రసాయన విశ్లేషణలో రెండింటికీ తేడా లేదు: ఒక టైటేనియం పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు. ఎక్స్-కిరణాలకు మాత్రం తేడా స్పష్టం. అనటేస్ మొదటి శిఖరం 25.3 డిగ్రీల వద్ద, రూటైల్ శిఖరం 27.4 డిగ్రీల వద్ద వస్తాయి. ఎండవానలకు నిలువవలసిన వాహనాల రంగులలో ఎక్కువగా రూటైలే వాడతారు.

సాగర్ రోడ్డు వంటి రద్దీ రోడ్డు మీద రాత్రివేళ ఒక వాహనం ఎవరినో కొట్టి ఆగకుండా పోయినదనుకొందాం. సైకిలు మీద మిగిలినది గోరంత రంగు పెచ్చు. ఆ పెచ్చులో పైపూత, అడుగుపూత, వాటిలోని తెల్ల రంగు, సుద్ద, టాల్కు వంటి పూరకాలు ఒక్కొక్కటి తమ శిఖరాలను ఇస్తాయి. అనుమానించిన కారు రంగుతో పోల్చి చూస్తారు. శిఖరాలు కలియకపోతే ఆ కారును వదలివేయవచ్చును. కలిస్తే మాత్రం “అదే కారు” అని కాదు. “అటువంటి రంగు గల కారు” అని మాత్రమే. ఈ భేదాన్ని నిపుణుడు తన నివేదికలో దాచడు.

చెప్పులకు అంటిన మట్టి

రంగారెడ్డి ప్రాంతం మట్టి పరీక్షకు అనువైనది. ఇబ్రహీంపట్నం చుట్టూ గ్రానైటు చితికి ఏర్పడిన ఎర్రని చలక నేలలు ఎక్కువ. వాటిలో పలుగురాయి, ఫెల్‌స్పార్, కేవొలినైట్ బంకమన్ను ఉంటాయి. నల్లరేగడిలో స్మెక్టైట్ జాతి బంకమన్ను ఎక్కువ. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చేది అదే. పూర్వం రంగారెడ్డి జిల్లాలో భాగమై, 2016 నుంచి వికారాబాదు జిల్లాలో చేరిన తాండూరు నాపరాళ్ళకు ప్రసిద్ధి. అక్కడి మట్టిలో సున్నపురాతి కాల్సైట్ కనిపిస్తుంది.

కేవొలినైట్ పొరల మధ్య దూరం సుమారు 7 ఆంగ్‌స్ట్రాములు. స్మెక్టైట్‌ది సుమారు 15. స్మెక్టైట్‌ను ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరిలో ఉంచితే ఆ దూరం 17కు పెరుగుతుంది, కేవొలినైట్ చలించదు. కేవొలినైట్‌ను 550 డిగ్రీల వరకు కాల్చితే దాని అమరిక చెదరి శిఖరం మాయమవుతుంది. రేగడి పొలంలో ఉబ్బే గుణమే ప్రయోగశాలలో గుర్తింపు చిహ్నం అవుతున్నది. “నేను మా చలక చేనులోనే ఉన్నాను” అన్నవాని చెప్పులకు రేగడి మట్టి అంటి ఉంటే అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నట్లే.

కల్లు, మందులు

తెలంగాణలో కల్లును క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులతో కల్తీచేసిన కేసులు అనేకం బయటపడ్డవి. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు త్రాగి పలువురు ఆస్పత్రుల పాలైనారు, కొందరు మరణించారు. కల్లులో కరిగిపోయిన మందు స్ఫటికం కాదు కాబట్టి దాని మీద ఎక్స్-కిరణాలకు అధికారం లేదు. అక్కడ క్రోమటోగ్రఫీ, ద్రవ్యరాశి వర్ణపట పద్ధతి పనికివస్తాయి. కాని కల్లు దుకాణానికి సరఫరా అయిన పొడి పొట్లం దొరికితే అది ఎక్స్-కిరణాలకు తగిన సరుకు. మందు ఏదో తెలియడమే కాదు, దానిలో కలిపిన పిండి, సుద్ద, పాలచక్కెర కూడా తెలుస్తాయి. రెండు చోట్ల దొరికిన పొట్లాలలో మందు, పూరకాలు అన్నీ ఒకే తీరుగా ఉంటే రెండింటికీ మూలం ఒకటేనేమో అని దర్యాప్తు చేసేవారికి దారి దొరుకుతుంది. నకిలీ మాత్రలను పట్టడానికీ ఈ మార్గమే ఉపయోగపడుతుంది.

ఈ పద్ధతి హద్దులు

ఏ సాధనానికైనా హద్దులు ఉంటాయి. గాజులో పరమాణువులకు క్రమం లేదు. అందుచేత గాజుపెంకు శిఖరాలు ఇవ్వదు, ఒక విశాలమైన మూపు మాత్రమే ఇస్తుంది. మిశ్రమంలో నూటికి ఒకటి రెండు వంతులే ఉన్న పదార్థం ఇతర శిఖరాల నీడలో కనుమరుగు కావచ్చును. అభ్రకపు రేకుల వంటి పలుచని రేణువులు ఒకే వైపు వాలి పడుకొంటే శిఖరాల ఎత్తులు తారుమారవుతాయి. ఆ ఎత్తులను నమ్మి పాళ్ళు లెక్కిస్తే పొరపాటు. ఇట్టి చిక్కులను సవరించి, మొత్తం శిఖరమాలను గణితంతో సరిపోల్చి పాళ్ళను లెక్కించడానికి 1969లో రీట్‌వెల్డ్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పద్ధతి ఉపయోగపడుతున్నది.

అన్నిటికంటె పెద్ద శత్రువు తేమ. చెమ్మ తగిలిన లవణాల మిశ్రమంలో అయానులు జతలు మార్చుకొంటాయి. పొటాషియం క్లోరైడు, అమ్మోనియం నైట్రేటు పక్కపక్కన తడిస్తే పొటాషియం నైట్రేటు, నవాసాగరం పుట్టగలవు. అనగా సంచిని పట్టుకొన్న దినాన ఉన్న పదార్థం వేరు, వానలో తడిసి ప్రయోగశాల చేరినప్పుడు ఉన్న పదార్థం వేరు కావచ్చును. లక్షల విలువైన యంత్రం కూడా తన ముందు పెట్టినదానినే చూస్తుంది. అందుచేత నమూనాను గాలి చొరని డబ్బాలో వెంటనే మూసి, ముద్రవేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు పోయినదో వ్రాసిపెట్టే కానిస్టేబులు కూడా ఈ విజ్ఞానంలో భాగస్వామియే.

ప్రయోగశాల నుంచి న్యాయస్థానానికి

ఈ పనులకు హైదరాబాదులో మంచి వసతులు ఉన్నవి. రామంతపూర్‌లోని కేంద్రీయ న్యాయ విజ్ఞాన ప్రయోగశాల దేశంలోని అట్టి కేంద్ర ప్రయోగశాలలలో రసాయన శాస్త్రాలకు విశిష్ట కేంద్రంగా గుర్తింపు పొందినది. రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ప్రయోగశాల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి పనిచేస్తూ, 2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలంగాణకు సేవచేస్తున్నది.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ ప్రయోగశాలల బాధ్యతను పెంచినది. ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడదగిన నేరాలలో న్యాయ విజ్ఞాన నిపుణుడు స్వయంగా నేరస్థలానికి పోయి సాక్ష్యం సేకరించాలని దాని 176వ సెక్షను చెబుతున్నది. రాష్ట్రాలు దీనిని అమలులోకి తేవడానికి అయిదేండ్ల గడువు ఉన్నది. 329వ సెక్షను ప్రకారం ప్రభుత్వ నిపుణుల నివేదికను న్యాయస్థానం సాక్ష్యంగా స్వీకరించవచ్చును. కావలెనంటే ఆ నిపుణుని పిలిపించి ప్రశ్నించవచ్చును.

ఆ ప్రశ్నలకు నిపుణుడు ఇచ్చే జవాబులో ఒక మర్యాద ఉన్నది. ఈ పొడి ఏమిటో అతడు చెప్పగలడు. దానిలో ఏది ఎంత ఉన్నదో, ఏది దేనితో కూడి ఉన్నదో చెప్పగలడు. దానిని ఆ సంచిలో ఎవరు పోశారో, ఏ ఉద్దేశంతో పోశారో ఎక్స్-కిరణాలు చెప్పవు. ఆ పని సాక్షులది, దర్యాప్తుదారులది, చివరకు న్యాయమూర్తిది. కాని వారందరి పనికీ ఆధారం పొడి ఏదో సరిగా తెలియడమే. అది తప్పితే పైన కట్టినదంతా తప్పుతుంది. క్వారీ నుంచి దొంగిలించిన మందు ఎరువు పేరుతో తప్పించుకోకూడదు. రైతు కొట్టంలోని ఎరువు బస్తా మందు పేరుతో పట్టుబడకూడదు.